రెండో జత చేతులకు లైసెన్సు

పొట్ట మధ్యలో నిలువుగా కోసి చేసిన ఆపరేషన్ చివరికొచ్చాక మిగిలేది కోత మూసే పని. చర్మం కింద కొవ్వు, దాని కింద ఫేషియా అనే గట్టి తెల్లటి పొర ఉంటాయి. పేగుల్ని లోపలే పట్టి ఉంచేది ఆ పొరే. కోత 20 సెంటీమీటర్లుంటే దాన్ని మూయడానికి కనీసం 80 సెంటీమీటర్ల దారం కుట్లలోకి పోవాలి. దారం పొడవు కోతకు నాలుగు రెట్లు ఉండాలన్నది సర్జన్ల లెక్క. అంచుకు 5 నుంచి 8 మిల్లీమీటర్ల దూరంలో సూది దించి, కుట్టుకూ కుట్టుకూ మధ్య 5 మిల్లీమీటర్ల ఎడం పాటించాలి. తొందరగా ముగించాలని పెద్ద పెద్ద కుట్లు వేసి బిగించి లాగితే, దారం వెన్నను కోసినట్టు ఆ పొరను కోసుకుపోతుంది. ఆ రోజుకు ఏమీ తెలియదు. కొన్ని నెలలకో ఏడాదికో మచ్చ దగ్గర ఉబ్బు కనిపిస్తుంది. అది హెర్నియా.

అమెరికా ఆపరేషన్ థియేటర్లలో ఆ కుట్లు వేసే మనిషి చాలాసార్లు సర్జన్ కాదు, అసలు డాక్టరే కాకపోవచ్చు. సర్జన్ ఎదురుగా బల్లకు అటువైపు నిలబడి కణజాలాన్ని పక్కకు లాగి పట్టుకునేది, కారుతున్న రక్తనాళాన్ని ఆపేది, చివర్లో మూసేది సర్జికల్ అసిస్టెంటు. స్క్రబ్ టెక్నాలజిస్టు (సర్జికల్ టెక్నాలజిస్టు అన్నా ఆయనే) వేరు. ఆయన పరికరాలు అందిస్తాడు, లెక్కపెడతాడు, బల్ల శుభ్రంగా ఉంచుతాడు. అసిస్టెంటు చెయ్యి రోగి ఒంట్లో ఉంటుంది. ఆ చెయ్యి అక్కడ ఉండటానికి ఎవరి అనుమతి కావాలన్న ప్రశ్నకు అమెరికాలో ఒక్క జవాబు లేదు. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో మాట. లైసెన్సు ఉందని చెప్పుకునే రాష్ట్రాల్లో సైతం ఆ మాటకు అర్థం ఒకటి కాదు.

ముందు మనుషుల్ని వేరు చేసుకోవాలి. బల్లకు అటువైపు మరో సర్జన్ ఉండొచ్చు. బోధనాసుపత్రి అయితే రెసిడెంట్, అంటే స్పెషాలిటీ శిక్షణలో ఉన్న డాక్టరు, ఉంటారు. ఫిజీషియన్ అసిస్టెంటు, నర్స్ ప్రాక్టీషనర్, ఫస్ట్ అసిస్టెంట్ శిక్షణ పొందిన రిజిస్టర్డ్ నర్సు కూడా నిలబడతారు. వీళ్లందరికీ ఏ రాష్ట్రంలోనైనా వాళ్ల అసలు వృత్తికి లైసెన్సు ముందే ఉంటుంది. పేచీ అంతా మిగిలిన వర్గంతోనే. సర్జికల్ టెక్నాలజిస్టుగా మొదలై పైకి వచ్చినవాళ్లు, మిలిటరీలో నేర్చుకున్నవాళ్లు, సర్జికల్ అసిస్టింగ్ కోర్సు చదివినవాళ్లు, విదేశాల్లో డాక్టర్ చదువు పూర్తిచేసి అమెరికాలో రెసిడెన్సీ దొరకనివాళ్లు ఇందులోకి వస్తారు. వీళ్ల చేతిలో ఉండేది మూడు ప్రైవేటు ధ్రువీకరణల్లో ఒకటి. నేషనల్ బోర్డ్ ఆఫ్ సర్జికల్ టెక్నాలజీ అండ్ సర్జికల్ అసిస్టింగ్ ఇచ్చే సీఎస్‌ఎఫ్‌ఏ, నేషనల్ కమిషన్ ఫర్ సర్టిఫికేషన్ ఆఫ్ సర్జికల్ అసిస్టెంట్స్ ఇచ్చే సీఎస్‌ఏ, అమెరికన్ బోర్డ్ ఆఫ్ సర్జికల్ అసిస్టెంట్స్ ఇచ్చే ఎస్‌ఏ-సీ. పరీక్ష పెట్టి, గంటలు లెక్కచూసి ఇచ్చే గట్టి ధ్రువీకరణలే ఇవి. కానీ ఇవి ప్రభుత్వం ఇచ్చినవి కావు. తప్పు చేసినవాణ్ని సంస్థ తన జాబితాలోంచి తీసెయ్యగలదు గానీ థియేటర్‌లోకి పోకుండా ఆపలేదు.

అమెరికా కాంగ్రెస్ తరఫున లెక్కలు చూసే జీఏఓ 2004 జనవరిలో ఈ వ్యవహారంపై ఒక నివేదిక ఇచ్చింది. ఆపరేషన్‌లో సహాయం చేసేవాళ్లకు ఎంత చదువు, ఎంత అనుభవం ఉండాలన్న దానిపై అందరూ ఒప్పుకున్న ప్రమాణమేదీ లేదని అందులో తేల్చింది. ఆ తర్వాత రెండు దశాబ్దాల్లో రాష్ట్రాల చట్టాలు పెరిగాయి గానీ దేశమంతటికీ ఒకే ప్రమాణం రాలేదు.

క్రియాపదం చూడాలి

ఇలాంటి చట్టం చదివేటప్పుడు పేరు చూస్తే మోసపోతాం, క్రియాపదం చూడాలి. ‘ఈ పేరుతో పిలుచుకోరాదు’ అంటే ఒక చట్టం, ‘పేరు నమోదు చేసుకోవాలి’ అంటే మరొకటి, ‘ఈ పని చేయరాదు’ అంటే పూర్తిగా వేరొకటి. మూడింటినీ జనం లైసెన్సు అనే అంటారు.

ఇల్లినాయ్ చట్టం మొదటి రకం. దాని పేరులోనే బిరుదు రక్షణ అన్న మాట ఉంది. రాష్ట్రం దగ్గర రిజిస్టరు కాకుండా ‘రిజిస్టర్డ్ సర్జికల్ అసిస్టెంట్’ అని వేసుకోకూడదు. అంతవరకే. ఆ పేరు వేసుకోనివాడు అదే పని చేస్తే ఈ చట్టానికి పట్టింపు లేదు.

టెక్సస్ 2001లోనే చట్టం తెచ్చింది. ఆక్యుపేషన్స్ కోడ్‌లో 206వ అధ్యాయం అది, అమలు చేసేది టెక్సస్ మెడికల్ బోర్డు. చదివితే కట్టుదిట్టంగా కనిపిస్తుంది. కనీసం అసోసియేట్ డిగ్రీ (రెండేళ్ల కాలేజీ డిగ్రీ) ఉండాలి. దరఖాస్తుకు ముందు మూడేళ్లలో 2,000 గంటలు డాక్టరు ప్రత్యక్ష పర్యవేక్షణలో అసిస్టెంటుగా పనిచేసి ఉండాలి. గుర్తింపు పొందిన పరీక్ష పాసవ్వాలి. ప్రత్యక్ష పర్యవేక్షణ అంటే ఏమిటో కూడా రాశారు. పని అప్పగించిన డాక్టరు ఒంటితో అక్కడే ఉండాలి, తానే దగ్గరుండి చేయించాలి, రోగి థియేటర్ దాటేదాకా లేదా మరో డాక్టరు చేతికి వెళ్లేదాకా గదిలోనే అందుబాటులో ఉండాలి. సర్జన్ గ్లౌజులు తీసేసి పక్క గదిలో ఇంకో ఆపరేషన్ మొదలుపెడితే, ఇక్కడ మూస్తున్న అసిస్టెంటుకు ఈ నిర్వచనం ప్రకారం పర్యవేక్షణ లేనట్టే.

ఇంత గట్టిగా రాసిన చట్టానికి ముందు పేజీల్లోనే ఒక తలుపు తెరిచి ఉంది. ఎవరికి ఈ చట్టం వర్తించదో చెప్పే జాబితాలో విద్యార్థులు, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, తమ లైసెన్సు పరిధిలో పనిచేసే నర్సులు, ఇతర వైద్య సిబ్బంది ఉన్నారు. వాళ్లతో పాటు ‘లైసెన్సున్న డాక్టరు అప్పగించిన అధికారంతో పనిచేసే వ్యక్తి’ కూడా ఉన్నాడు. సర్జన్ పక్కన నిలబడే అసిస్టెంటు ఎవరైనా డాక్టరు అప్పగించిన పనే కదా చేసేది! అందుకే టెక్సస్‌లో లైసెన్సు లేకుండా ఆ పని చేయడం నేరం కాదు, లైసెన్సుందని చెప్పుకోవడం నేరం. ఇది పొరపాటున మిగిలిపోయిన రంధ్రం కాదు. పని అప్పగించే తమ హక్కును డాక్టర్లు ఏ రాష్ట్రంలోనూ అంత తేలిగ్గా వదులుకోరు. దాన్ని తాకకుండా రాస్తేనే బిల్లు గట్టెక్కుతుంది.

వాషింగ్టన్ డీసీ మాత్రం 2007లోనే ఆ పనికే లైసెన్సు తప్పనిసరి చేసింది. వర్జీనియా అక్కడికి రెండు మెట్లలో చేరింది. 2014లో ఇష్టమైనవాళ్లు రిజిస్టరు చేసుకోవచ్చంది. 2020 జులై 1 నుంచి లైసెన్సు తప్పదంది. వర్జీనియా నిర్వచనంలో మెచ్చుకోవలసిన సంగతి, అది పనుల్ని పేరుపేరునా చెప్పడం. అవయవాల్ని కదిలించడం, కణజాలానికి కుట్లు, రక్తం ఆపే పదార్థాలు పెట్టడం, లోకల్ మత్తు ఇంజెక్షన్, సిరలు తీయడం, లోపల పరికరాలు అమర్చడం. ‘డాక్టరు చెప్పిన ఇతర పనులు’ అని చివర్లో ఒక మాట ఎలాగూ ఉంటుంది. కానీ ముందున్న జాబితా వల్ల ఏది సహాయం, ఏది ఆపరేషన్ అన్న వాదనకు కాస్తయినా నేల దొరుకుతుంది.

ఆ జాబితాలో సిరలు తీయడం ఎందుకుందో బైపాస్ థియేటర్‌లోకి తొంగిచూస్తే తెలుస్తుంది. గుండెకు వేసే కొత్త దారి కోసం కాలిలోని సఫీనస్ సిర కావాలి. సర్జన్ ఛాతీ తెరుస్తుంటే, అదే సమయంలో అసిస్టెంటు మోకాలి దగ్గర రెండు మూడు సెంటీమీటర్ల కోతతో కెమెరా గొట్టం లోపలికి పంపి, కార్బన్ డయాక్సైడ్‌తో దారి విప్పుకుంటూ, సిరను చుట్టూ ఉన్న కణజాలం నుంచి విడదీస్తాడు. పక్క కొమ్మలన్నిటినీ కాల్చి కోయాలి. అసలు సిరకు మరీ దగ్గరగా కాలిస్తే వేడి గోడకు తగులుతుంది. గట్టిగా లాగితే లోపలి పొర చిట్లుతుంది. అలాంటి సిర కుట్టిన రోజున బాగానే పారుతుంది, తర్వాత మూసుకుపోతుంది. చర్మం కింద నాడి దెబ్బతింటే కాలి లోపలి వైపు తిమ్మిరి మిగులుతుంది. ఇదంతా జరుగుతున్నప్పుడు సర్జన్ అదే గదిలో ఉంటాడు, కళ్లు మాత్రం ఛాతీ మీద ఉంటాయి. ప్రత్యక్ష పర్యవేక్షణ అన్న మాట చట్టంలో ఎంత బలంగా ఉన్నా, కాలి దగ్గర దాని బలం అంతే.

రోబో ఆపరేషన్లలో ఈ చిక్కు మరో రూపంలో వస్తుంది. సర్జన్ బల్ల దగ్గర ఉండడు, మూలన కన్సోల్ ముందు చేతులు కడుక్కోకుండా కూర్చుంటాడు. రోగి పక్కనున్నది అసిస్టెంటే. పరికరాలు మార్చేది, పీల్చే గొట్టం పెట్టేది, క్లిప్పులు వేసేది ఆయనే. పెద్ద రక్తనాళం తెగితే మొదటి నిమిషం ఆ మనిషి చేతుల్లోనే ఉంటుంది. సర్జన్ గౌను, గ్లౌజులు వేసుకుని బల్ల దగ్గరికి రావాలి, రోబో చేతుల్ని తప్పించాలి. ‘గదిలో ఉండాలి’ అన్న షరతు మాత్రం మొదటి నుంచీ నెరవేరినట్టే.

కొత్తగా లైసెన్సు పెట్టినప్పుడల్లా పాతవాళ్లను ఏం చేయాలన్న ప్రశ్న వస్తుంది. వర్జీనియా మూడు దారులు పెట్టింది. జాతీయ ధ్రువీకరణ ఒకటి, సైన్యంలో పూర్తిచేసిన సర్జికల్ అసిస్టెంట్ శిక్షణ ఇంకొకటి, 2020 జులై 1కి ముందు ఆరు నెలల్లో ఆ రాష్ట్రంలో ఆ పని చేసి ఉండటం మూడోది. మూడో దారిలో పరీక్ష లేదు. చట్టం వచ్చిన తొలి ఏళ్లలో లైసెన్సు కాగితం చూసి నైపుణ్యాన్ని అంచనా వేయకూడదని ఆస్పత్రులకు తెలుసు. ఆ కాగితం ఏ దారిలో వచ్చిందో అడుగుతాయి.

1898 నాటి తీర్పు

నెబ్రాస్కాలో కథ తలకిందులుగా నడిచింది. టెక్సస్ లాంటి చోట్ల డాక్టరు పని అప్పగించే హక్కును చట్టాలు ముట్టుకోలేదు. అక్కడ మాత్రం లైసెన్సు లేనివాళ్లకు డాక్టరు వైద్యపు పని అప్పగించలేడని 1898లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటుంది. వందేళ్లకు పైగా దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆరోగ్య శాఖ దాన్ని బయటికి తీశాక, అప్పటిదాకా రోజూ కుట్లు వేస్తున్న సర్జికల్ ఫస్ట్ అసిస్టెంట్ల పని ఒక్కసారిగా చట్టవిరుద్ధంగా కనిపించింది. 1985 చట్టం కింద నెబ్రాస్కాలో ఏ కొత్త వైద్య వృత్తికైనా ముందు ‘407 రివ్యూ’ అనే పరిశీలన జరుగుతుంది. ఆ దారి నడిచి, 2016లో ఎల్‌బీ 721 అనే బిల్లు ద్వారా సర్జికల్ ఫస్ట్ అసిస్టెంట్లకు లైసెన్సు ఇచ్చారు. టెక్సస్ లాంటి రాష్ట్రాల్లో లైసెన్సు ఒక గౌరవం. నెబ్రాస్కాలో అది లేకపోతే థియేటర్‌లో నిలబడే హక్కే పోయేది.

ఇలాంటి సమీక్షల్లో మొదట అడిగేది, లైసెన్సు లేకపోవడం వల్ల ప్రజలకు జరిగిన హాని ఏమిటో చూపించమని. వృత్తి సంఘాలు ఇక్కడే తడబడతాయి. అసిస్టెంటు తప్పు చేసినా అది సర్జన్ ఫలితంగానే రికార్డుకెక్కుతుంది. హెర్నియా వచ్చిన రోగి దావా వేసేది సర్జన్ మీద, ఆస్పత్రి మీద. థియేటర్‌లో జరిగిన ప్రతి దానికీ సర్జనే బాధ్యుడన్న ‘ఓడకు కెప్టెన్’ సూత్రం 1949లో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు తీర్పుతో పేరుకెక్కింది. టెక్సస్ సుప్రీంకోర్టు 1977లో దాన్ని తోసిపుచ్చింది. ఎవరు ఎవరి అదుపులో ఉన్నారో కేసును బట్టి తేల్చాలంది. సూత్రం ఉన్నా లేకపోయినా అసిస్టెంటు పేరు ఏ పట్టికలోనూ విడిగా కనిపించదు. కనిపించని హానిని లెక్క చూపించమంటే ఎవరు చూపగలరు?

సిరంజిలు

కొలరాడోలో హాని కనిపించింది, అదీ కుట్ల వల్ల కాదు. 2009లో డెన్వర్‌లోని ఒక ఆస్పత్రిలో హెపటైటిస్-సీ ఉన్న సర్జికల్ టెక్నీషియన్ ఒకరు, మత్తు కోసం సిద్ధంగా పెట్టిన ఫెంటానిల్ (వ్యసనంగా మారే బలమైన నొప్పి మందు) సిరంజిల్ని దొంగిలించి, తాను వాడిన సిరంజిల్లో సెలైన్ నింపి వాటి స్థానంలో పెట్టినట్టు బయటపడింది. 18 మంది రోగులకు వ్యాధి సోకినట్టు తేలింది. పరీక్ష చేయించుకోవలసినవాళ్లు వేలల్లో ఉన్నారు. మరుసటి ఏడాదే సర్జికల్ అసిస్టెంట్లు, సర్జికల్ టెక్నాలజిస్టులు ఇద్దరూ రాష్ట్రం దగ్గర తప్పనిసరిగా రిజిస్టరు కావాలని చట్టం వచ్చింది. చదువు, పరీక్ష షరతులేమీ లేవు. పేరు, చరిత్ర రాసివ్వాలి. క్రమశిక్షణ చర్య తీసుకునే అధికారం రాష్ట్రానికి ఉంటుంది.

2016 జనవరిలో డెన్వర్ శివార్లలో మరో ఆస్పత్రి థియేటర్‌లో ఒక టెక్నాలజిస్టు ఫెంటానిల్ సిరంజి మారుస్తూ పట్టుబడ్డాడు. అంతకుముందే నేవీలో అదే తప్పుకు శిక్ష పడినవాడు, వేరే రాష్ట్రాల ఆస్పత్రుల్లో ఉద్యోగాలు పోగొట్టుకున్నవాడు. కొలరాడోలో రిజిస్ట్రేషన్ కూడా ఉంది! దాదాపు 2,900 మంది రోగులకు పరీక్షలు చేయించుకోమని కబురు వెళ్లింది. దరఖాస్తుదారు తన గురించి తాను రాసిచ్చిందే ఆధారమైతే రిజిస్టరు పట్టుకునేది నిజాయితీపరుల్ని మాత్రమే. అదే ఏడాది శాసనసభ ఆ రిజిస్ట్రేషన్ వ్యవస్థను పొడిగిస్తూ నిబంధనలు బిగించింది.

ఆ మనిషి చరిత్ర ఒక ఊరి నుంచి మరో ఊరికి ఎందుకు చేరలేదో తెలియాలంటే నేషనల్ ప్రాక్టీషనర్ డేటా బ్యాంక్ ఎలా పనిచేస్తుందో చూడాలి. డాక్టరుకో డెంటిస్టుకో ఆస్పత్రి ప్రివిలేజీలు (అక్కడ ఫలానా పనులు చేయడానికిచ్చే అనుమతి) రద్దుచేస్తే ఈ కేంద్ర రికార్డుకు తెలియజేయడం తప్పనిసరి. ఇతర సిబ్బంది విషయంలో తెలియజేయవచ్చు, తప్పనిసరి కాదు. రాష్ట్ర లైసెన్సు బోర్డులు తీసుకునే చర్యలు మాత్రం 2010 మార్చి నుంచి అన్ని రకాల వైద్య సిబ్బందివీ అందులోకి చేరుతున్నాయి. లైసెన్సే లేని వృత్తికి బోర్డు ఉండదు, చర్య ఉండదు, రికార్డులో అచ్చరం ముక్క పడదు. ఉద్యోగం తీసేసిన ఆస్పత్రి, దావాకు భయపడి తేదీలు తప్ప ఏమీ చెప్పదు. లైసెన్సు వల్ల అసిస్టెంటు కుట్టు బాగుపడుతుందన్న వాదన కన్నా, లైసెన్సు వల్ల అతని గతం అతని వెంట నడుస్తుందన్న వాదన చాలా బలమైనది. వృత్తి సంఘాలు మొదటిదాన్నే ఎక్కువగా వినిపిస్తాయి. రెండోది చెప్పుకోవడానికి అంత గౌరవంగా ఉండదు కాబట్టి కావచ్చు.

రాష్ట్రం ఊరుకున్న చోట

రాష్ట్ర చట్టం లేని చోట అదుపంతా ఆస్పత్రిదే. మెడికేర్ (ముఖ్యంగా వృద్ధులకు అమెరికా ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా) డబ్బు తీసుకునే ఆస్పత్రి, ఆపరేషన్ చేసే ప్రతి ఒక్కరికీ ఏయే పనులకు అనుమతి ఉందో రాసిన జాబితా సర్జరీ విభాగంలో ఉంచాలన్నది కేంద్ర నిబంధన. తెరవడం, మూయడం, కణజాలం విడదీయడం, తొలగించడం, గ్రాఫ్టు (మరోచోట అతికించే కణజాలం) తీయడం, పరికరం అమర్చడం లాంటివి ముఖ్యమైన పనుల కింద లెక్క. డాక్టరు కానివాళ్లు వీటిని చేస్తారంటే, రాష్ట్ర చట్టం అనుమతించిన పరిధిలోనే, ఆస్పత్రి ఇచ్చిన ప్రివిలేజీ మేరకే చేస్తారన్న సంగతి రోగి సంతకం పెట్టే అంగీకార పత్రంలోకి రావడం మంచిదని మెడికేర్ మార్గదర్శకాలు సూచిస్తాయి. ఆపరేషన్‌కు ముందు ఇచ్చే ఆ పత్రంలో అది ఉంటే చిన్న అక్షరాల్లో ఉంటుంది. మా కోత మూసేదెవరని అడగడానికి రోగికి అదొక ఆధారం. అడిగేవాళ్లు అరుదు.

ప్రివిలేజీ ఫైలులో ఉండేవి మామూలు కాగితాలే. ధ్రువీకరణ సంస్థ నుంచి నేరుగా వచ్చిన నిర్ధారణ, చేసిన కేసుల పట్టిక, ఇద్దరు ముగ్గురు సర్జన్ల ఉత్తరాలు, టీకాల రికార్డు, బీమా పత్రం. గొడవంతా కేసుల పట్టిక దగ్గర వస్తుంది. ‘హెర్నియా కేసులు 60’ అని రాస్తే సరిపోదు. అందులో రిట్రాక్టరు (కణజాలాన్ని పక్కకు లాగి ఉంచే పరికరం) పట్టుకున్నవెన్ని, ఫేషియా మూసినవెన్ని అన్నది తేలాలి. మోకాలి కీలు మార్పిడికి ఇచ్చిన అనుమతి బైపాస్ సిర తీయడానికి చెల్లదు. కంపెనీ తరఫున రోజుకో ఆస్పత్రికి వెళ్లే కాంట్రాక్టు అసిస్టెంటుకు ప్రతిచోటా ఇదే తంతు.

తెలుగు డాక్టర్లకు ఈ విషయంతో నేరుగా సంబంధం ఉంది. మన దగ్గర ఎంబీబీఎస్ చేసి అమెరికా వెళ్లి రెసిడెన్సీ కోసం ఎదురుచూసేవాళ్లకు ఆపరేషన్ థియేటర్‌కు దగ్గరగా ఉండే దారుల్లో ఇదొకటి. ఎస్‌ఏ-సీ పరీక్షకు విదేశీ వైద్య పట్టభద్రులు అర్హులు. టెక్సస్ నిబంధనలు కూడా వైద్య కళాశాలలో పూర్తిచేసిన బేసిక్, క్లినికల్ చదువును శిక్షణ మార్గాల్లో ఒకటిగా లెక్కేస్తాయి. చిక్కంతా ఆ 2,000 గంటల దగ్గర. లైసెన్సు కావాలంటే గంటలు చూపాలి, గంటలు రావాలంటే ముందు పని దొరకాలి. ఇందాక చూసిన తెరిచిన తలుపు ఇక్కడ మెట్టుగా మారుతుంది. డాక్టరు అప్పగించిన అధికారంతో లైసెన్సు లేకుండా పనిచేయవచ్చు కాబట్టే ఆ గంటలు పోగవుతాయి. ఏ రోజు, ఏ సర్జన్ దగ్గర, ఏ కేసు, ఎన్ని గంటలో అప్పటికప్పుడు రాసుకుని సంతకం చేయించుకోకపోతే, మూడేళ్ల తర్వాత ఆ సర్జన్ వేరే రాష్ట్రానికి వెళ్లిపోయాక నిరూపించడం చాలా కష్టం. వేసుకునే బ్యాడ్జి మీద, రోగితో మాటల్లో డాక్టర్ అన్న పదం రానివ్వకూడదు. అది వైద్య వృత్తి చట్టం కిందికి పోయే వేరే తలనొప్పి.

మన దేశంలో 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం పది వర్గాలు చేసి, అందులో ఆపరేషన్ థియేటర్ టెక్నాలజిస్టును, ఫిజీషియన్ అసోసియేట్‌ను పేర్కొంది. అలైడ్ వృత్తికి కనీసం 2,000 గంటల చదువు, రెండు నుంచి నాలుగేళ్ల కాలం అని పెట్టింది. టెక్సస్ అంకె, ఈ అంకె ఒకటే కావడం కాకతాళీయం. అక్కడివి బల్ల దగ్గర నిలబడిన గంటలు, ఇక్కడివి కోర్సు గంటలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పారామెడికల్ బోర్డుల నుంచి ఓటీ (ఆపరేషన్ థియేటర్) కోర్సు సర్టిఫికెట్ తీసుకుని అమెరికా వెళ్లేవాళ్లు అది అక్కడి స్క్రబ్ టెక్నాలజిస్టు పనికి దగ్గరని, అసిస్టెంటు పనికి కాదని ముందే గ్రహిస్తే మంచిది.

డబ్బు

లైసెన్సు కోసం ఇంత పోరాటం ఎందుకంటే సగం జవాబు బిల్లులో ఉంది. ఒక ఆపరేషన్‌కు మెడికేర్ సర్జన్‌కు కట్టే ధర 1,500 డాలర్లనుకుందాం. బల్లకు అటువైపు మరో డాక్టరుంటే ఆయనకు అందులో 16 శాతం, అంటే 240 డాలర్లు. ఫిజీషియన్ అసిస్టెంటో నర్స్ ప్రాక్టీషనరో ఉంటే ఆ 16లో 85 శాతం, అంటే 13.6 శాతం, 204 డాలర్లు. సీఎస్‌ఎఫ్‌ఏ ధ్రువీకరణ మాత్రమే ఉన్న అసిస్టెంటు ఉంటే సున్నా. పని అదే, కుట్లు అవే. మెడికేర్ దృష్టిలో అతను విడిగా బిల్లు వేయదగ్గ మనిషి కాడు, అతని ఖర్చు ఆస్పత్రికిచ్చే మొత్తంలోనే కలిసిపోయిందని లెక్క. రాష్ట్ర లైసెన్సు తెచ్చుకున్నా ఇది మారదు, ఎందుకంటే మెడికేర్ ఎవరికి కట్టాలన్నది కేంద్ర చట్టం చెబుతుంది. బోధనాసుపత్రిలో అర్హుడైన రెసిడెంట్ ఉంటే డాక్టరు అసిస్టెంటుకూ సాధారణంగా కట్టదు. దేశవ్యాప్తంగా 5 శాతం కన్నా తక్కువ సందర్భాల్లో మాత్రమే రెండో మనిషి అవసరమయ్యే ఆపరేషన్లకు ఎవరికీ కట్టదు.

రాష్ట్ర లైసెన్సు పనికొచ్చేది ప్రైవేటు బీమా దగ్గర. టెక్సస్ బీమా చట్టం, పాలసీలో ఉన్న సేవల్ని లైసెన్సున్న సర్జికల్ అసిస్టెంటు చేత చేయించుకునే హక్కు పాలసీదారుకు ఇచ్చింది. లైసెన్సు లేనివాడి క్లెయిమును బీమా కంపెనీ ‘గుర్తింపు లేని ప్రొవైడర్’ అని ఒక్క ముక్కలో తిప్పి పంపగలదు. అందుకే పని చేయడానికి లైసెన్సు అక్కర్లేని టెక్సస్‌లో కూడా జనం దానికోసం దరఖాస్తు చేస్తారు.

ఈ బిల్లుల రెండో ముఖం రోగి వైపు ఉంది. ఆస్పత్రి, సర్జన్ ఇద్దరూ బీమా నెట్‌వర్కులో ఉండి, అసిస్టెంటు మాత్రం బయటివాడైతే ఆ బిల్లు నేరుగా రోగి ఇంటికి వచ్చేది. న్యూయార్క్‌లో వెన్నుపూస ఆపరేషన్ చేయించుకున్న ఒకరికి, తాను కలిసినట్టు గుర్తే లేని అసిస్టెంట్ సర్జన్ నుంచి 1,17,000 డాలర్ల బిల్లు వచ్చిన సంగతి 2014లో పత్రికలకెక్కింది. అసలు సర్జన్ బీమా ఒప్పందం ప్రకారం సుమారు 6,200 డాలర్లతో సరిపెట్టుకున్నాడు. ఆ అసిస్టెంటు పూర్తి అర్హతలున్న డాక్టరే. లైసెన్సు రోగిని వైద్యం విషయంలో కాపాడవచ్చు, బిల్లు విషయంలో కాపాడలేదు. 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన నో సర్‌ప్రైజెస్ చట్టం ఆ దారి మూసింది. నెట్‌వర్కు ఆస్పత్రిలో అసిస్టెంట్ సర్జన్ సేవల్ని మత్తు డాక్టరు, పాథాలజీ సేవల సరసన చేర్చింది. ‘ఎక్కువైనా కడతాను’ అని రోగి చేత ముందే సంతకం పెట్టించుకునే వెసులుబాటు కూడా వీటికి లేదు.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లి ఆపరేషన్ చేయించుకున్న తల్లిదండ్రుల బిల్లులో ఒకే ఆపరేషన్ కోడ్ రెండుసార్లు కనిపిస్తే రెండుసార్లు వసూలు చేశారని వెంటనే అనుకోనక్కర్లేదు. రెండోదాని పక్కన 80 గానీ 82 గానీ ఉంటే డాక్టరు అసిస్టెంటు, ఏఎస్ అని ఉంటే ఫిజీషియన్ అసిస్టెంటు లేదా నర్స్ ప్రాక్టీషనర్. ఆ కోడుకు ఆధారం ఆపరేషన్ నోట్. అందులో అసిస్టెంటు పేరు, పేరు వెనక అక్షరాలు మాత్రమే రాసి వదిలేస్తే బీమా ఆడిటరు క్లెయిము తిప్పికొట్టడానికి అదే చాలు. ఎందుకు అవసరమయ్యాడు, ఏ దశలో ఏం పట్టుకున్నాడు, ఏ రక్తనాళం ఆపాడు, ఫేషియా మూసిందెవరు అన్నది సర్జన్ తన మాటల్లో చెప్పాలి. చాలా నోట్లలో ఆ వాక్యం పాత కేసు నుంచి కాపీ చేసిందే ఉంటుంది, ఒక్కోసారి అసిస్టెంటు పేరుతో సహా.